పద్మక్క నాతో చెప్పించి రాసిన సూది పేజీ

తప్పులుంటే మన్నించండి. నేను చదివింది ఐదో తరగతి వరకే. ఫోన్‌లో ఇంత పెద్ద పోస్ట్ రాయడం ఇదే మొదటిసారి.

నిన్న పొద్దున టిఫిన్ బాక్సు సర్దుతుంటే మా లైన్ గ్రూప్‌లో మెసేజ్ వచ్చింది. పద్మక్క ఇక లేదని.

వేరే పద్మ ఎవరో అనుకున్నాను. మా సిరిసిల్ల యూనిట్‌లోనే ముగ్గురు పద్మలున్నారు.

ఫోటో చూశాక మా అక్కే అని తెలిసింది.

శనివారం కోరుట్లలో తల్లిగారింటికి వెళ్లింది. అక్కడే గుండెపోటు. జగిత్యాల ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయిందట.

అక్క మా లైన్ సూపర్‌వైజర్. పని ఎలా చేయాలో చెప్పే పేజీలు రాసేది కూడా ఆమే.

మా చుట్టాల కోసం కొంచెం వివరంగా చెప్తాను.

మా యూనిట్‌లో స్కూల్ యూనిఫాం చొక్కాలు కుడతాం. కుట్టుమిషన్ల వరుసను లైన్ అంటాం, దాని చివర ఒక ట్యాబ్ ఉంటుంది. ఏ పనిలో డౌట్ వచ్చినా మన టోకెన్ నంబర్ కొట్టి ఆ పేజీ తెరిచి చూసుకోవాలి. ఎవరు ఏ పేజీ ఎన్నిసార్లు తెరిచారో అందులో లెక్క పడుతుంది.

వారం వారం అక్క ఆ లెక్క ప్రింట్ తీసుకుని కూర్చునేది.

ఎక్కువసార్లు తెరిచిందే మంచి పేజీ అని మేం అనుకునేవాళ్లం. అక్క మాత్రం ముందు దాన్నే అనుమానించేది. అసలు ఎవరూ తెరవని పేజీ ఉంటే ఆ మిషన్ దగ్గరికెళ్లి నిలబడేది. పని బాగా వచ్చి తెరవడం లేదా, చదివినా అర్థం కాక వదిలేశారా అని చూసేది.

ఇక నా సంగతి.

సూది విరిగితే మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ముక్కలన్నీ ఏరి, కాగితం మీద టేపుతో అంటించి ఇస్తేనే కొత్త సూది ఇస్తారు. ముక్క బట్టలో ఉండిపోతే వేసుకునే పిల్లలకు గుచ్చుకుంటుంది కదా.

నేను కొత్తగా చేరిన రోజుల్లో ఒకసారి సూది విరిగింది. మొన దొరకలేదు.

పేజీ తెరిచాను. "విరిగిన భాగములన్నియు సేకరించి సమర్పించవలెను" అని ఉంది. దొరకకపోతే ఏం చేయాలో లేదు.

మిషన్ కింద వెతికాను. మళ్లీ వెళ్లి పేజీ చూశాను. ఆ రోజు తొమ్మిదిసార్లు తెరిచాను.

ఎవరినైనా అడగొచ్చు. కానీ నా సంగతి మీకు తెలుసు, నలుగురిలో నోరు పెగలదు.

అంతకుముందెప్పుడో నేల మీద దొరికిన పాత సూది మొన ఒకటి నా డబ్బాలో ఉంది. ఇలాంటప్పుడు పనికొస్తాయని లైన్‌లో చాలామంది అలా ఒకటీ రెండూ దాచుకునేవాళ్లు. దాన్నే అంటించి కొత్త సూది తెచ్చుకున్నాను.

చొక్కా ముందుకు వెళ్లిపోయింది.

మర్నాడు మేనేజర్ సారు లెక్క చూసి, పదకొండో నంబర్‌కు పని రావడం లేదు, తీసేద్దాం అన్నాడట. పదకొండు నా టోకెన్. అప్పుడు మా ఆయన బట్ట నేసే సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగిపోయి ఉన్నాయి. ఇల్లు నా ఒక్కదాని పని మీదే నడుస్తోంది.

అక్క ఒక్క పూట ఆగమని చెప్పి, నా పక్కన స్టూల్ వేసుకుని కూర్చుంది.

"పని రానోళ్లు పక్కోళ్లను అడుగుతరు పిల్లా. నువ్వు ఒక్క పేజీనే తొమ్మిదిసార్లు చూసినవ్. అండ్ల ఏం దేవులాడినవ్?"

తల ఎత్తకుండానే చెప్పాను. "మొన దొరకకుంటె ఏం చెయ్యాల్నో అండ్ల లేదక్క. పాత ముక్క అంటిచ్చిన."

అక్క ముఖం మారిపోయింది. ఏ బండిల్ చొక్కాలని మాత్రం అడిగింది.

అప్పటికే చొక్కాలు అట్టపెట్టెల్లోకి వెళ్లాయి. బండి గేటు దగ్గర ఉందని సారు కోప్పడుతున్నా వినకుండా అక్క లోడింగ్ ఆపించింది. ఇద్దరం చెరో అయస్కాంతం పట్టుకుని ఒక్కో చొక్కా చూశాం. అన్నం కూడా తినలేదు.

ఒక చిన్న కాలర్‌లో దొరికింది. రెండో తరగతి పిల్లల సైజు.

నాకు ఏడుపు ఆగలేదు. ఇక నా పని అయిపోయింది అనుకున్నాను.

"తప్పు చేసింది సార్, నేను కాదంటలేను," అంది అక్క. "కని మన పేజీ చదివితె ఆమెకేం దొరికింది? గా పేజీ రాసింది నేను. తీసేసేదుంటె ముందుగల్ల నన్ను తీసెయ్యుండ్రి."

సారు బండి లోడు చేయమని చెప్పి వెళ్లిపోయాడు, నా పని నిలిచింది.

తర్వాత అక్క పాత ప్రింట్లన్నీ తిరగేసింది. ఆ పేజీనే నాలాగా మళ్లీ మళ్లీ తెరిచినవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. ఎవరినీ ఏమీ అననని మాటిచ్చి అడిగితే, ఒక్కొక్కరూ దాచిన ముక్కలు తెచ్చి ఆమె ముందు పోశారు.

నన్ను కూర్చోబెట్టి, "నువ్వు చెప్పు, నేను రాస్త" అంది. ఈ సమర్పించవలెను ఎవరు రాశారక్కా అని పక్క మిషన్ రమ అడిగితే, "నేనేనే. గప్పుడు నాకు పెద్ద మాటల పిచ్చి ఉండె" అని నవ్వింది.

ఇప్పుడు ఆ పేజీ ఇలా ఉంటుంది.

మిషన్ ఆపు.
బట్ట చేతిలోంచి వదలకు.
మొన దొరకకపోతే చెయ్యెత్తు.
దొరికేదాకా ఆ బండిల్ కదలదు.
కొత్త సూది సూపర్‌వైజరే తెచ్చిస్తుంది.
నిన్ను ఎవరూ ఏమీ అనరు.

చివరి లైన్ పెట్టమన్నది నేనే. అది తీసేయమని సారు అంటే అక్క ఒప్పుకోలేదు. "అండ్ల అన్నిటికంటె పనికొచ్చే మాట గదే సార్" అంది.

ఆ తర్వాత పేజీ తెరవడం తగ్గింది. చేతులెత్తడం పెరిగింది. ఎవరైనా చెయ్యెత్తితే అక్క లైన్ ఆ చివరి నుంచి పరుగున వచ్చేది. వచ్చేటప్పుడు ఆమె ముఖం చూడాలి, పెళ్లికి పిలిచినట్టు ఉండేది.

పెద్ద చదువు చదివినవాళ్లు రాయాల్సిన పేజీ నా నోటి మాటతో రాసింది. కింద నా పేరు కూడా పెట్టింది. వద్దని ఎంత బతిమాలినా వినలేదు.

సోమవారం కొత్త పిల్లలు చేరుతున్నారు. సూది పేజీ అక్కే చెప్పాల్సింది. ఈ పొద్దున సారు ఫోన్ చేసి, నువ్వు చెప్తావా లావణ్యా అని అడిగాడు.

చెప్తానన్నాను.

పాత ముక్క అంటించిన సంగతితోనే మొదలుపెడతాను. ఆ సంగతి వాళ్లు నా నోటి నుంచే వినాలి. అందుకే ఈ పోస్ట్ ఎవరికీ పంపకండి. నేనూ ఆదివారం తీసేస్తాను. స్క్రీన్‌షాట్ తీసినవాళ్లు అది కూడా తీసేయండి.

నిమ్మలంగ పండుకో పద్మక్కా. లైన్ మేం చూసుకుంటం.