చూపున్నప్పుడే

జగ్గయ్యపేటలో బస్సెక్కి కూర్చోగానే, పక్కసీటు పెద్దావిడ తన కీర్తనల పుస్తకం నా చేతిలో పెట్టింది. "చూడకుండా చెప్తానండి. తప్పు పోతే ఆపండి" అంది.

కళ్ళలో నీటికాసులట. చూపు మెల్లగా పోతుందని డాక్టరు చెప్పేశాడట.

"ఏడుస్తా కూర్చోడానికా ప్రభువు నాకీ టైమిచ్చింది? చూపున్నప్పుడే అన్నీ నోటికి తెచ్చేసుకున్నా. ఈ పెద్ద కీర్తనొక్కటే మిగిలిందండి."

కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. టోల్‌గేటు దాటాం. సిమెంటు లారీలు పక్కనే హారన్లు మోగిస్తున్నా ఆవిడ ఆగలేదు. చివర్లో ఒకచోట గొంతు తడబడింది. నేను అందించబోతే చెయ్యెత్తి ఆపింది.

"చెప్పకండి, వచ్చుద్ది."

వచ్చింది. ఆఖరి మాట దాకా అప్పజెప్పేసి "ఆమెన్" అని ఎంత గట్టిగా అందంటే, ముందుసీట్ల వాళ్ళంతా వెనక్కి తిరిగి చూశారు. ఆవిడ పకపకా నవ్వింది.

పుస్తకం తిరిగి ఇవ్వబోయాను. తీసుకోలేదు.

"మీరే ఉంచుకోండి. నాకిక దాంతో పనేముంది? మిగిలిన చూపంతా ఈ చేలకే" అంటూ కిటికీ అద్దం పూర్తిగా జరిపి, ఎర్రగా పండిన మిర్చి తోటల వైపు తిరిగి కూర్చుంది. నందిగామ వచ్చేదాకా మళ్ళీ ఇటు తిరగలేదు.

ఆ రోడ్డు మీద నేనిప్పుడు ఫోను బయటికి తియ్యను.