చేతులు కట్టుకున్న పంతులమ్మ

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. తరిగొప్పులలో మా బడి మూతపడింది. సైన్స్ చెప్పే నేను కూడా సమ్మెలోనే ఉన్నాను. నా తొమ్మిదో తరగతి విద్యార్థిని ఒకామె మాత్రం తన తండాలో చిన్నపిల్లలను పోగుచేసి ప్రయోగాలు చేయిస్తోందని విని, ఒకరోజు చూడటానికి వెళ్లాను.

పిల్లలు అట్టడబ్బాకు ఒకవైపు సూదితో రంధ్రం చేసి, మరోవైపు నూనె రాసిన కాగితం అతికించి కెమెరాలు చేస్తున్నారు. ఆమె చేతులు వెనక్కి కట్టుకుని వాళ్ల మధ్య తిరుగుతోంది. దేన్నీ ముట్టుకోదు. ఎవరైనా తడబడితే లంబాడీలో ఒక ప్రశ్న అడుగుతుంది, అంతే.

ఒక పాప డబ్బాలో ఏమీ కనిపించలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను ఆగలేక లేచాను.

"సార్, మీరు సమ్మెల ఉన్నరు గద, కూసోండ్రి," అంది మా విద్యార్థిని నవ్వుతూ. "మనం ముట్టుకుంటే గది మన డబ్బా ఐతది. దానిది కాదు."

తర్వాత వెలుగు ఎటు ఉందని పాపనే అడిగింది. అప్పటిదాకా చీకటి ఇంట్లోకి చూస్తున్న పాప డబ్బాను వాకిటి వైపు తిప్పింది. ఎండలో మక్కలు ఆరబోస్తున్న వాళ్ల అవ్వ కాగితం మీద కనబడింది.

"అవ్వ తలకిందులైంది!" అని పాప గంతులేసింది.

"ఏదీ, నాకు జర చూపియ్యి బిడ్డా," అంటూ అవ్వ వచ్చింది. ఆమె వెనక తండా అంతా వరుస కట్టింది.

నా వంతు వచ్చేసరికి పొద్దు వాలింది. మసకబారిన ఆ కాగితం మీద మా విద్యార్థిని తలకిందులుగా, నిండుగా నవ్వుతూ కనిపించింది.