సింధూరం మీదికి నెట్టిన తప్పు

ఐదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నానంటే ఆ బరువుకి కుంగిపోయానని అనుకోకండి. సుఖంగానే మోశాను. వేళకి తిన్నాను, ప్రమోషన్ తీసుకున్నాను, పడుకున్న పది నిమిషాల్లో గురక పెట్టాను. తప్పు చేసినవాడికి నిద్ర పట్టదని ఎవరు పుట్టించారో గాని, శుద్ధ అబద్ధం. హాయిగా పడుతుంది. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకి చెప్పే దమ్ము లేక మీకు చెబుతున్నాను, మీ మీద గౌరవంతో కాదు.

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో చక్రాల విభాగం మాది. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ కూలీగా చేరాడు. నాన్న ఫిట్టరు. నేను డిప్లొమా చదివాను. ఆ ఒక్క కాగితం చేతిలో పెట్టుకుని నా చుట్టూ ఉన్నవాళ్లందరినీ చవటల కింద జమకట్టాను. ఫోను తెర మీద ఏం రాసుందో చదవకుండా టకటకా నొక్కేసి, ఆనక అంతా పోయిందిరా బాబూ అని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చే మనుషులు. వాళ్ల ఫోన్లు బాగుచేసిపెడుతూ లోపల నవ్వుకునేవాణ్ణి. నిజం చెప్పాలంటే పైకే నవ్వేవాణ్ణి.

వాళ్లలో ధర్మారావు అన్నియ్య ఒకడు. రక్తసంబంధం లేదు, ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా పక్క క్వార్టరు, అంతే. నాకన్నా పన్నెండేళ్లు పెద్ద. పదో తరగతి గట్టెక్కి, తండ్రి పోతే ఆ ఉద్యోగంలో చేరి, చక్రాలు చెక్కే లేతు దగ్గర ముప్ఫై ఏళ్లకి పైగా నిలబడ్డాడు. నిలబడి నిలబడి మోకాళ్లు అరిగిపోయాయి. షిఫ్టు అయ్యాక సైకిలెక్కడానికి గేటు దగ్గర దిమ్మ మీద కాలు పెట్టి కాసేపు ఆగేవాడు. అది చూసి కూడా నాకు చిరాకే వేసేది.

ఈ మనిషి ఒక వేసవిలో గ్రాఫింగ్ కాలిక్యులేటరు కొన్నాడు. చదువులు అయిపోయి ఊరు వదిలిపోయే విద్యార్థులు సామాన్లన్నీ అమ్ముకుంటారు కదా, అలా ఎవడో విదేశంలో కొన్నాళ్లు చదివొచ్చిన కుర్రాడి దగ్గర. రంగుల తెర, గీతలు గీసి చూపిస్తుంది, చిన్న చిన్న ప్రోగ్రాములు రాసుకోవచ్చు. ఆ కుర్రాడే రెండు ఆదివారాలు కూర్చోబెట్టి ఎలా రాయాలో నేర్పాడట. ఇహ చూడండి. అరిగిన చక్రాన్ని చెక్కి మళ్లీ ఆకారానికి తేవాలి. ఎక్కువ చెక్కితే చక్రం ఆయుష్షు పోతుంది, తక్కువ చెక్కితే పనికిరాదు. ఏ అరుగుదలకి ఎంత చెక్కాలో తన అనుభవమంతా కూరి రెండేళ్లపాటు ప్రోగ్రాములు రాశాడు. కొలతలు కొడితే తెర మీద గీత వచ్చేది. ఆ గీత చెప్పినట్టు చెక్కితే చక్రం మీద లోహం మిగిలేది. మొదట్లో ఇవన్నీ ఒక నోటుబుక్కులో కూడా రాసుకునేవాడు. ఈ రోజుల్లో కాగితాల మీద రాసేవాడెవడని నేనే వెక్కిరిస్తే సిగ్గుపడి మానేశాడు.

ఈ సంగతి పై అధికారి చెవిన పడింది. విశ్వకర్మ పూజ అయిన నాలుగో రోజున వచ్చి చూస్తానన్నాడు. ప్లానింగ్ సెక్షన్లో ఒక సీటు ఖాళీ. పని నచ్చితే ధర్మారావుని లేతు దగ్గర్నుంచి లేపి అక్కడ కూర్చోబెడతారని షాపంతా చెప్పుకున్నారు. కుర్చీ అన్నమాట. ఆ మోకాళ్లకి కుర్చీ. అన్నియ్యకి కావలసింది అంతకు మించి ఏమీ లేదు.

విశ్వకర్మ పూజ రోజున మా దగ్గర పనిముట్టు ముట్టరు. యంత్రాలు కడిగి, గేజీలూ కాలిపర్సూ స్పానర్లూ విగ్రహం ముందు పేర్చి, పూలు పెట్టి, పొద్దు గూకేదాకా వాటికి విశ్రాంతి ఇస్తారు. ఇంట్లోవాళ్లు కూడా వర్క్‌షాపు లోపలికి వస్తారు. మగవాడి పనిముట్టుకి ఇంటి ఇల్లాలు బొట్టు పెట్టడం మా వీధివాళ్ల అలవాటు. ధర్మారావు తన కొలత పరికరాల పక్కన ఆ కాలిక్యులేటర్ని కూడా పెట్టాడు. పార్వతి వదిన సింధూరంలో నూనె చుక్క కలిపి వచ్చింది. తెర మీదా మీటల మీదా పెట్టవద్దని అన్నియ్య ముందే చెప్పాడట. అందుకని ఆవిడ జాగ్రత్తగా దాన్ని బోర్లా తిప్పి, వెనక వైపు మధ్యలో బొట్టు పెట్టింది. కాలిక్యులేటర్‌కి బొట్టేమిటని నేను పక్కకి తిరిగి నవ్వాను.

మధ్యాహ్నం అందరూ కిచిడీ ప్రసాదానికి పోయారు. నేను పోలేదు. లాప్‌టాప్ తెచ్చుకున్నాను. విగ్రహం ముందు నుంచి దాన్ని తీసుకుని సూపర్‌వైజరు గదిలోకి వెళ్లాను.

ఎందుకు? ఇన్నేళ్లుగా నాకు నేను చెప్పుకున్న సమాధానం, సాయం చేద్దామని. కంపెనీవాడు ఇచ్చిన వ్యవస్థ మందకొడిది. దాని బదులు ఓపెన్ సోర్సుది ఒకటి ఉంది. ఎవరెవరో కలిసి రాసి, అందరికీ విప్పి చూపించి, ఊరికే పంచిపెట్టిన ఆపరేటింగ్ సిస్టమ్. అందులో ఇంకా చాలా చెయ్యొచ్చు. ఆన్ చెయ్యగానే అన్నియ్య పేరు కనబడేలా పెట్టి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. చాలా బాగుంది కదూ? అబద్ధం. అధికారి ఆ తెర చూసి ఇదెవరు చేశారయ్యా అని అడగాలి, పక్కన నిలబడి నేను చిన్నగా నవ్వాలి. కావలసింది అది. లేతు దగ్గర నిలబడే ఒక టర్నరు రెండేళ్లు కష్టపడి చేసినదాని మీద మధ్యాహ్నం అరగంటలో నా పేరు చెక్కుకోవాలి.

వెనకాల రీసెట్ కన్నం ఉంటుంది, సూది మొన పట్టేంత. దాని మీదే వదిన బొట్టు పడింది. పిన్నీసుతో గీకి, కన్నం కనిపెట్టి, లోపలి మీట నొక్కి, తీగ తగిలించాను. లాప్‌టాప్ తెర మీద హెచ్చరిక వచ్చింది. ఇందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి, ముందు వేరేచోట దాచుకోండి అని. సాదా ఇంగ్లీషు.

ఇక్కడ ఆగాలి. ఇక్కడే నేను మీకు కూడా అబద్ధం చెప్పబోయాను. చూసుకోలేదు, తొందరలో నొక్కేశాను అని రాద్దామనుకున్నాను. మా షాపువాళ్ల లాగే నేనూ చదవని చవటని అని చెప్పుకుంటే కొంత గౌరవం మిగులుతుంది. కాని చదివాను. ఒకసారి కాదు, రెండుసార్లు. చదివి, వీడి దగ్గర పోవడానికి ఏముంటుందిలే అనుకున్నాను. ధర్మారావుని మనసులో వీడు అనే అనుకునేవాణ్ణి. నాలుగు కూడికలూ రెండు తీసివేతలూ ఉంటాయి, పోతే నేనే రాసిస్తాను అనుకున్నాను. అనుకుని నొక్కాను.

కొత్త వ్యవస్థ చక్కగా ఎక్కింది. మెరుస్తూ లేచింది. ప్రోగ్రాముల అర తెరిచాను. కొత్త వ్యవస్థతో వచ్చిన నమూనాలు నాలుగు తప్ప ఏమీ లేవు.

వెతికాను. వెతకడానికి ఏముంది అసలు? నేను రాసివ్వగలనా అని ఒక్క క్షణం ఆలోచించాను. ఏ చక్రం ఏ రైలు మార్గంలో ఎలా అరుగుతుందో, ఎండాకాలం ఒకలా వానాకాలం ఒకలా ఎందుకు చెక్కాలో నాకేం తెలుసు? డిప్లొమా ఉంది గాని చక్రం మీద చెయ్యి వేసి చెప్పడం రాదు. అప్పుడు నన్ను పట్టుకున్నది పశ్చాత్తాపం కాదు, దొరికిపోతానన్న భయం.

తరవాత ఇరవై నిమిషాలు నా తెలివంతా వాడాను. కొత్తది ఉంటే నేనే చేశానని తెలిసిపోతుంది. షాపులో ఇంకెవడికి చేతనవును? అందుకని పాత వ్యవస్థని వెతికి మళ్లీ ఎక్కించాను. కొన్న రోజున ఎలా ఉందో అలా చేశాను, ఖాళీగా. తీసుకెళ్లి విగ్రహం ముందు బోర్లా పెట్టాను. పళ్లెంలో మిగిలిన సింధూరం నా వేలికి అద్దుకుని, గీకేసిన బొట్టుని మళ్లీ పెట్టాను. దేవుడి ఎదురుగానే పెట్టాను. చేతులు తుడుచుకుని వెళ్లి కిచిడీ తిన్నాను.

మర్నాడు అన్నియ్య దాన్ని ఆన్ చేసి, మీటలన్నీ ఒకటికి రెండుసార్లు నొక్కి చూశాడు. ఆనక నన్నే పిలిచాడు. ఇంకెవర్ని పిలుస్తాడు? షాపులో తెలివైనవాణ్ణి నేనే కదా. నేను దాన్ని అటూ ఇటూ తిప్పి, డాక్టరు లాగా పెదవి విరిచి, ఎర్రగా ఉన్న ఆ కన్నం చూపించాను. సింధూరం లోపలికి దిగి రీసెట్ అయిపోయింది అన్నాను. అంతా నమ్మారు. మా పైన ఉండే బెంగాలీ ఛార్జ్‌మన్ దాదా ఆడవాళ్లని లోపలికి రానిస్తే ఇంతే అన్నాడు. అన్నియ్య ఆ కాలిక్యులేటర్ని చొక్కాకి తుడిచి తుడిచి చూసుకున్నాడు.

ఆ సాయంత్రం వదిన మా గుమ్మంలోకి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"బాబూ, ఒక్క మాట అడుగుతాను, కోప్పడకు. నాను బొట్టు యేలితో పెట్టినాను. ఆ కన్నంలో సూది కూడా గట్టిగా తోస్తేనే గాని దూరదని మీ అన్నియ్యే సెప్పినాడు. మరి నా యేలు ఎలా దూరిందంటావు?"

నా చదువుకి తట్టని ప్రశ్న. ఒక్క ముక్కలో నన్ను పట్టేసుకుంది ఆవిడ. నిజం చెప్పేయడానికి ఇంతకంటే సులువైన చోటు నాకు జన్మలో దొరకదు.

"నూనె కలిపినావు కదొదినా. నూనె లోపలికి దిగిపోద్ది, సర్క్యూట్ షార్ట్ అయిపోద్ది. ఇయ్యన్నీ నీకు సెప్పినా అర్థం కావు."

"నూనె సుక్క యేసినాను," అంది వదిన. "నిజమే. యేసినాను."

తన వేలు చూసుకుంటూ వెళ్లిపోయింది.

నాలుగో రోజు అధికారి వచ్చాడు. మూడు రోజుల్లో రెండేళ్ల పని తిరిగి రాద్దామని అన్నియ్య చూశాడు, కుదరలేదు. సగం గీత గీసి తెర ఆగిపోయింది. హిందీలో చెప్పబోయి తడబడ్డాడు. పక్కనున్న నేను అందుకుని, ఇది ఇలా పని చేసేది సార్ అని ఇంగ్లీషులో వివరించాను. సాయమే కదా? అధికారికి నా వివరణ నచ్చింది. నెల తిరక్కుండా ప్లానింగ్ సెక్షన్ కుర్చీ నాకొచ్చింది. అన్నియ్య నాకు స్వీటు తినిపించి, మనోడికే వచ్చిందిలే అన్నాడు. ఆ కాలిక్యులేటర్ని మళ్లీ ముట్టుకోలేదు. లేతు దగ్గరే ఉన్నాడు. మోకాళ్లకి పట్టీలు కట్టుకుని, ఒక కాలి మీద బరువు వేసి నిలబడి, ఐదేళ్లు.

ఆయన వదినని తిట్టలేదు. కొట్టలేదు. మరుసటి ఏటి నుంచి పూజకి తన పనిముట్లు బొట్టు లేకుండా పెట్టుకున్నాడు. అంతే. ఆవిడ మళ్లీ వర్క్‌షాపు గేటు దాటి రాలేదు. దీన్ని చూసి కూడా, ఎంత మూఢత్వం వీళ్లది అనుకున్నాను. ఆ మూఢత్వాన్ని ముందు నిలబెట్టుకుని దాని వెనక దాక్కున్నవాణ్ణి నేను. ఇంతకన్నా నీచుడు దొరుకుతాడా?

పోయిన నెల అన్నియ్య ఊళ్లోనే మలంచా పేటలో రెండు గదుల ఇల్లు కట్టుకుని గృహప్రవేశం చేశాడు. రిటైర్మెంటు దగ్గర పడింది. పంతులు గడపకి పసుపు రాసి బొట్టు పెట్టమని ఇల్లాలిని పిలిచాడు. పార్వతి వదిన వెనక్కి జరిగి కోడల్ని ముందుకి తోసింది. పెద్దవాళ్లు బలవంతపెట్టారు, ఇంటి యజమానురాలివి నువ్వే పెట్టాలని. ఆవిడ రెండు చేతులూ కొంగు కింద దాచుకుని, "నా సెయ్యి పడితే ఏదీ నిలవదమ్మా, ఈయన బతుకే నా సేత్తో పోనాది, ఈ ఇల్లయినా ఉండనీయండి," అంది. మామూలుగా, కూర గురించి చెప్పినట్టు చెప్పింది. ఎవరో చిన్నగా నవ్వారు. అన్నియ్య కాదనలేదు. కోడలు బొట్టు పెట్టింది.

నేను అక్కడే ఉన్నాను, గడపకి రెండడుగుల దూరంలో. నోరు తెరిస్తే చాలు. తెరిచాను కూడా, భోజనాల దగ్గర. పప్పు రెండోసారి వడ్డించుకున్నాను.

ఎందుకు చెప్పలేదు? కుర్చీ పోతుందనా? ఇప్పుడు ఎవడూ తీసుకోడు. అన్నియ్య కొడతాడనా? కొట్టినా బాగుండును. నా భయం వేరు. వదిన నా మొహంలోకి చూసి, నాకప్పుడే తెలుసు బాబూ అంటుందేమోనని. తెలిసే నన్ను వదిలేసి, తప్పు తన మీద వేసుకుందేమోనని. ఒకరిని తక్కువగా చూడటానికి నాకు మిగిలిన చివరి అవకాశం కూడా అక్కడితో పోతుంది. ఇంత రాసి కూడా నేను ఆలోచిస్తున్నది నా పరువు గురించే, గమనించారా?

వదిన ఇప్పుడు ఆ ఇంట్లో దీపం కూడా కోడలి చేత పెట్టిస్తోందని మా ఆవిడ చెప్పింది. ఇది మీరు క్షమిస్తే పోయేది కాదు, అడగడం లేదు కూడా. పార్వతి వదిన చెయ్యి పడి ఏదీ చెడిపోలేదు. ధర్మారావు అన్నియ్య రెండేళ్ల పనిని, కూర్చోవలసిన కుర్చీని చెడగొట్టింది నేను. తెలిసి చేశాను. ఈ నాలుగు మాటలూ మలంచాలో, ఆ గడప దగ్గర నిలబడి చెప్పాల్సినవి. ఇక్కడ, ముక్కూ మొహం తెలియని మీకు చెబుతున్నాను, పిరికివాణ్ణి కాబట్టి. అయినా చెప్పాక ఊపిరి కాస్త ఆడుతోంది. అది కూడా నాకు దక్కవలసింది కాదు.