పడుకుని తీయించుకున్న ఎక్స్‌రే

భవానీపురంలో మా సందు మలుపులో స్కూటర్ జారి పడ్డాను. కుడివైపు కాలర్ బోన్ విరిగింది. నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. బోర్డు మీద రాసే చెయ్యి అదే. అయినా చెయ్యి కన్నా ఆపరేషన్ గురించే నా బెంగంతా. ఇంజెక్షన్ సూది చూస్తేనే మొహం పక్కకు తిప్పుకునే ధీరుణ్ని.

ఎక్స్‌రే తీసేచోట నిలబడమన్నారు. కళ్లు తిరుగుతున్నాయంటే బల్ల మీద పడుకోబెట్టి తీశారు. ఫిల్ము ఇంటికి తెచ్చి కిటికీ వెలుగులో పెట్టి చూశాను. విరిగిన ముక్కలు రెండూ ఎదురెదురుగా బుద్ధిగా ఉన్నాయి. ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఫొటో తీసి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మా వాళ్లకు ఎక్స్‌రే అంటే పెళ్లిచూపుల ఫొటోతో సమానం, అందరూ చూడాలి, తలో మాటా అనాలి. మైలవరంలో ఎరువుల కొట్టు నడిపే బావగారు ఆపరేషన్ అక్కర్లేదని తేల్చేశారు. ఆయన్ని మించిన డాక్టరు ఆ పూట నాకు కనిపించలేదు. ఎముక తనంతట తానే ఎలా అతుక్కుంటుందో ఎడమచేత్తో బొమ్మలు గీసి మా ఆవిడకు పాఠం చెప్పాను. ఆవిడ బెండకాయలు తరుగుతూ ఊఁ కొట్టింది.

మర్నాడు డాక్టరుగారు ఫిల్ము చూసి, నిలబడి తీయించారా, పడుకునా అని అడిగారు. పడుకునే అన్నాను. నిలబడి మళ్లీ తీయించుకు రమ్మన్నారు. ముక్కలు ఎంత జారాయో సరిగ్గా తెలిస్తేనే ఆపరేషన్ చేసి ప్లేటు వెయ్యాలో వద్దో చెప్పగలరట. రెండో ఫిల్ములో భుజంవైపు ముక్క కిందికి దిగిపోయింది. మెడవైపు ముక్క దాని మీదికెక్కి కూర్చుంది.

"పడుకుంటే చేతి బరువు బల్ల మోస్తుందండీ. నిలబడితే ఆ విరిగిన ఎముకే మొయ్యాలి. మీకు నేను చెప్పేదేముంది," అన్నారాయన.

నిజమే, ఏముంది? బరువు కిందికి లాగుతుందని చెప్పే పొట్ట పోసుకుంటున్నాను. అయినా ఊరుకోకుండా, యంత్రం కోణంలో తేడా ఉండొచ్చనీ, ఇంకోటి తీయిద్దామనీ, అదీ పడుకునే తీస్తే మంచిదనీ మొదలుపెట్టాను. మా ఆవిడ నా ఎడమ చెయ్యి పట్టుకుంది.

"భయమేస్తోందని చెప్పండి, చాలు," అంది నెమ్మదిగా.

"భయమేస్తోందండీ," అన్నాను. మైకు లేకుండా వందమందికి వినిపించే నా గొంతు ఆ టేబుల్ కూడా దాటలేదు.

డాక్టరుగారు నవ్వలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఎక్కడ కోస్తారో, ఎంతసేపు పడుతుందో మొదటినుంచీ చెప్పారు. ఆపరేషన్‌కు సరేనన్నాను.