నిద్రలో ఆగిన చేతులు

1996. అమలాపురం దగ్గర ఒక నేత ఊళ్లో ఏఎన్ఎమ్‌గా, అంటే ఇంటింటికీ తిరిగి గర్భిణుల్ని చూసే నర్సుగా పనిచేస్తున్నాను. ఆ ఊళ్లో పురుళ్లు చాలావరకు నా చేతిమీదుగానే జరిగేవి. నాకు తెలియనిదేముందిలే అన్న పొగరు కూడా అప్పటికే తలకెక్కింది.

వీరవేణికి ఇరవై ఏళ్లు, ఐదో నెల. కండెలు చుట్టడంలో ఆ వీధిలో ఆమెకు సాటి లేదు. అలాంటి పిల్ల నూలు తెంపేస్తోందని అత్తగారు రాట్నం దగ్గర్నుంచి లేపేసింది. నేను వెళ్లేసరికి చేతులు వాటంతటవే ఎగిరిపడుతున్నాయి. మూతి వంకర్లు పోతోంది.

“పని తప్పించుకోడానికేమోనండీ. నిద్దరోతే ఇయ్యేవీ ఉండవండి,” అంది అత్తగారు.

మర్నాడు మధ్యాహ్నం మళ్లీ వెళ్లాను. చాపమీద నిద్రపోతోంది. చేతులు కదలడం లేదు. నిజంగా జబ్బయితే నిద్రలో మాత్రం ఎందుకు ఊరుకుంటుంది?

“నటనేనండీ. కాస్త గట్టిగా ఉండండి,” అనేశాను అత్తగారితో.

ఆ మాటకు వీరవేణికి మెలకువ వచ్చింది. నా చెయ్యి పట్టుకోబోయింది, పట్టు నిలవలేదు.

“నేను చెయ్యట్లేదండి నర్సమ్మగారూ. చేతులు అయ్యే కదిలిపోతన్నాయండి. మీరన్నా నమ్మండి.”

నమ్మలేదు.

పది రోజులకు ఆయాసమని కబురొచ్చింది. వెళ్లి చూస్తే కాళ్లు వాచిపోయి ఉన్నాయి. రెండు మణికట్లనూ పాత చీర పేలికలతో మంచం పట్టెకు కట్టేశారు.

“గట్టిగా ఉండమన్నారు కదండీ,” అంది అత్తగారు. ఆవిడ గొంతులో ఎత్తిపొడుపేమీ లేదు.

పేలికలు విప్పి, టాక్సీలో కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. చిన్నప్పుడు కీళ్లు వాచి జ్వరం వచ్చిందా అని డాక్టరుగారు అడిగారు.

“ఆయ్, వచ్చిందండి. తొమ్మిదో ఏట రెణ్ణెల్లు మంచాన పడిందండి,” అంది కబురందుకుని వచ్చిన వీరవేణి తల్లి.

ఆ రుమాటిక్ ఫీవర్ అప్పుడే గుండె కవాటాన్ని పాడుచేసింది; ఆయాసం, కాళ్ల వాపు అందుకే. అదే జ్వరం తాలూకు కొరియా, అంటే కండరాలు అదుపు తప్పి కదిలే జబ్బు, గర్భంతో పైకి వచ్చింది. “నిద్రలో ఆగిపోతుందమ్మా అది. దాని లక్షణమే అంత,” అన్నారాయన.

మూడో రోజున వీరవేణి పోయింది, కడుపులో బిడ్డతో సహా. ముందే తెచ్చి ఉంటే బతికేదా అని డాక్టరుగారిని అడగలేదు. ఆయన అవునంటే తట్టుకునే ధైర్యం నాకు లేదు.

రిటైరయ్యేదాకా ప్రతి గర్భిణినీ చిన్నప్పటి కీళ్ల నొప్పుల గురించి అడిగాను. ‘నేను చెయ్యట్లేదండి’ అన్నవాళ్లందర్నీ నమ్మాను. నన్ను ఆ నమ్మకం మొదట అడిగింది మాత్రం వీరవేణి.