కీబోర్డు లేకుండా లాగిన్ అయినవాడు

ముందుగా నా తెలివితక్కువతనం ఒప్పేసుకుంటాను. పాస్‌వర్డుని స్కెచ్‌పెన్నుతో చీటీ మీద రాసి, ఆ పాస్‌వర్డుతో తెరుచుకునే పెట్టెకే అంటించాను. విజయదశమినాడు ఆయుధపూజ చేస్తూ ఆ పెట్టెకి నిండా పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టాను. మర్నాడు ఆదివారం, దాన్ని ఆపి తడిగుడ్డతో శుభ్రంగా తుడిచాను. పసుపుతోపాటు అక్షరాలూ పోయాయి.

దెయ్యాల్ని నేను ఏనాడూ నమ్మలేదు. స్టీల్‌ప్లాంటులో ఇరవయ్యేళ్లుగా ఎలక్ట్రికల్ పని చేస్తున్నాను. లైటు దానంతటదే వెలిగితే ఎక్కడ వైరు తగులుతోందా అని వెతుకుతాను తప్ప దండం పెట్టను. ఇదీ అలాగే వెతికాను.

పెట్టె అంటే ఇంట్లో పెట్టుకున్న సర్వరు. ఒకే ఇంటిని నాలుగు వాటాలు చేసి అద్దెకిచ్చినట్టు, ఒకే యంత్రంలో నాలుగు కంప్యూటర్లు నడిపే ఏర్పాటు. వర్చువలైజేషన్ అంటారు. ఓనర్ని నేను. ఒక వాటా మా ఆవిడ సుజాతది. తను ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో కెమిస్ట్రీ చెబుతుంది. ఆరేళ్లుగా కూర్చుకున్న ప్రశ్నలన్నీ అందులోనే ఉన్నాయి. ఇంకో కాపీ లేదు. రేపు తీస్తా, రేపు తీస్తా అని ఆరేళ్లు నెట్టుకొచ్చింది నేనే.

తుడిచాక ఆన్ చేస్తే పెట్టె లేచింది గానీ సుజాత వాటా లేవలేదు. దాన్ని లేపాలంటే నేను లాగిన్ అవ్వాలి. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని గుర్తున్నవన్నీ కొట్టాను. పేరుకే పాస్‌వర్డు, ఒక్కదాంట్లోనూ పాసవ్వలేదు.

"వచ్చే సోమవారం పిల్లలకి టెస్టు. పేపరు నాను ఎక్కణ్నుంచి తేవాలి?" అంది సుజాత. వాళ్లది శ్రీకాకుళం వైపు. కోపం వస్తే క్లాసులో మాట్లాడే తెలుగు పోయి పుట్టింటి తెలుగు వస్తుంది.

దారి ఉంది. పెట్టెకే నేరుగా మానిటరు, కీబోర్డు తగిలించి, అది మేలుకుంటున్నప్పుడు ఆపి, ఒక లైను రాస్తే పాస్‌వర్డు అడక్కుండా లోపలికి రానిస్తుంది. అప్పుడు కొత్తది పెట్టుకోవచ్చు. తాళంచెవి పారేసుకున్న ఓనరు పెరటిగోడ దూకినట్టు. కానీ ఉన్న ఒక్క వైరు కీబోర్డూ మూడు నెలల క్రితం మా బావమరిది శ్రీను పట్టుకుపోయాడు. పరవాడలో మందుల ఫ్యాక్టరీలో పని, ఆదివారం తప్ప దొరకడు. కొత్తది కొంటే మర్చిపోయానని ఒప్పుకున్నట్టవుతుందని ఆరు రోజులు ప్రతి సాయంత్రం పాత పాస్‌వర్డునే గుర్తు చేసుకుంటూ కూర్చున్నాను.

ఆదివారం పొద్దున శ్రీను కీబోర్డు తెచ్చాడు. కంగారులో రెండుసార్లు ప్లగ్గు పీకి పెట్టాను. ఎలాగో గోడ దూకి కొత్త పాస్‌వర్డు పెట్టి, సుజాత వాటా లేపాను. డిస్కు చదవడం కుదరదంది. నా ప్లగ్గు పీకుడుకే పాడైంది. వెనకాల సుజాత కుర్చీలో కూలబడింది.

అప్పుడు కనబడ్డాయి, రెండో డిస్కులో ఆరు బ్యాకప్పులు. సోమవారం నుంచి శనివారం దాకా, రోజుకొకటి. చివరిది తెరిస్తే ఆరేళ్ల ప్రశ్నలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. సుజాత కళ్లు తుడుచుకుంది.

నేను మాత్రం లాగ్ తెరిచాను. ఎవరు ఎప్పుడొచ్చారో సర్వరు రాసుకునే రిజిస్టరది. రోజూ మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకి ఎవరో లాగిన్ అయ్యారు. పాత పాస్‌వర్డుతో, మొదటిసారికే. నెట్‌వర్కులోంచి కాదు, పెట్టెకి నేరుగా తగిలించిన కీబోర్డు నుంచి. అదే లాగ్‌లో, పండగ తర్వాత కీబోర్డు మొదటిసారి తగిలింది శ్రీను వచ్చిన ఆదివారం పొద్దునే అని ఉంది.

శ్రీను వైపు తిరిగాను. "నువ్వేనా?"

"నానేటి బావా! నీ పాస్‌వర్డు నీకే తెల్దు, నాకెలా తెలుస్తాది? రెండింటికి నాను గౌనేసుకుని మిషను కాడ ఉంతాను. పోను కూడా గేటుకాడే లాగేసుకుంతారు."

నమ్మలేదు. అటెండెన్సు స్లిప్పు ఫోన్లోకి తెప్పించి చూశాను. ఆరు రోజులూ ఫ్యాక్టరీలోనే ఉన్నాడు. సుజాతనీ అనుమానించాను, సిగ్గులేకుండా. ఆ టైముకి తను క్లాసులో ఉంటుంది. నేను జనరల్ షిఫ్టులో. ఇంటికి తాళం. తాళంచెవులు రెండే, మా ఇద్దరి దగ్గర. బ్యాకప్పు దానంతటదే తీసుకునేలా నేనే ఎప్పుడో టైము పెట్టి మర్చిపోయానేమోనని ఆ పట్టికా చూశాను. ఖాళీ.

"ఎవుడో మంచోడే బావా. నువ్వు సెయ్యాల్సిన పని సేసి పోతన్నాడు," అన్నాడు శ్రీను.

మంచోడే కావచ్చు. కానీ ఆరు రోజులు లోపలికొచ్చినవాడు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, సుజాత వాటా లేపే బటను నొక్కితే ఆయన సొమ్మేం పోయేది? రోజూ సాయంత్రం పక్కగదిలో నేను పాస్‌వర్డు కోసం ఏడుస్తున్నానని తెలీదా?

అది ఎవరో, ఎలా వచ్చారో నాకు ఇవాళ్టికీ తెలీదు. వైరు ఎక్కడ తగులుతోందో దొరకలేదు.

ఆ ఆదివారమే కొత్త పాస్‌వర్డు కంఠతా పట్టాను. పెట్టె దగ్గర ఎవరైనా ఒక్కసారి తప్పు కొడితే, గంటసేపు తలుపు మూసుకునేలా పెట్టాను.

"వచ్చినోడ్ని తరిమేత్తన్నారు కదా, ఇంక బ్యాకప్పు రోజూ మీరే తియ్యండి," అంది సుజాత. తీస్తున్నాను.

సోమవారం టెస్టు సజావుగా జరిగింది. సాయంత్రం ఇంటికొచ్చి లాగ్ చూశాను. రెండూ పదికి, తప్పు పాస్‌వర్డు. మూడూ పదికి, తప్పు. నాలుగూ పదికి, తప్పు. అయిదూ పదికి, తప్పు.

ఆరు రోజులు బయట నిలబడ్డవాణ్ని నేను. ఒక మధ్యాహ్నమంతా ఆయన్నీ నిలబెట్టాను.