వంతెన తర్వాతి స్టాపు

కండక్టరు అసలు పేరు డిపోలో జీతాలిచ్చే గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన మైకు. ముందు తలుపు దగ్గర నిలబడి స్టాపు పేరు పిలిస్తే, వెనక సీట్లో కునుకు తీసేవాడు కూడా ఉలిక్కిపడి సంచీ వెతుక్కుంటాడు. ఇరవై ఏళ్ళుగా ఒకటే రూటు. కూతురికి అమ్మా నాన్నా అనడం కంటే ముందు స్టాపుల పేర్లు వచ్చాయని భార్య ఇప్పటికీ దెప్పుతుంది.

ఆ రూటులో వంతెన దాటగానే అద్దకం వీధి. అక్కడివాళ్ళు కూర్చుంటే పక్క సీటు ఖాళీగానే ఉండేది. నిలబడ్డవాళ్ళు కాళ్ళు లాగుతున్నా కూర్చునేవారు కాదు. ఎన్నికల్లో గెలిచినవాళ్ళు ఈమధ్య ఆ స్టాపు బోర్డు పీకేసి, తమ నాయకుడి తండ్రి పేరున ‘పెద్దాయన కూడలి’ అని కొత్తది పాతారు. అలవాటుకొద్దీ పాత పేరు పిలిచిన ఇంకో బస్సు కండక్టరును కిందికి లాగి కొట్టారు. అతనికి ముందుపళ్ళు లేవిప్పుడు.

మైకుకు భయం వాళ్ళకంటే తన నోటి మీదే ఎక్కువ. చెయ్యి గంట తాడు మీద పడితే చాలు, నోరు దానంతటదే పాత పేరు అనేస్తుంది. అందుకే భోజనం దగ్గర భార్య ఉన్నట్టుండి అడిగేది.

“వంతెన తర్వాత?”

“అద్ద...”

“అయిపోయింది. పళ్ళు రాలాయి. మళ్ళీ చెప్పండి.”

“పెద్దాయన కూడలి.”

“ఆ నసుగుడేంటి? మైకన్న పేరు దేనికి మరి?”

నవ్వేది గాని, ఆయన డ్యూటీకి బయల్దేరితే మలుపు తిరిగేదాకా గుమ్మం వదిలేది కాదు.

ఆ మధ్యాహ్నం పార్టీ బాడ్జీలు పెట్టుకున్న ముగ్గురు ఎక్కారు. టికెట్టన్నందుకు ఒకడు నవ్వాడు.

“మాకు కూడానా అన్నా? నువ్వు స్టాపులు పిలువు. వింటాం.”

ముందు సీట్లో అద్దకం వీధి పెద్దమ్మ ఉంది. చూపు లేదు. నెలకోసారి ఆసుపత్రికి వెళ్ళొస్తుంది. మైకు పిలుపు విని లేచి దిగుతుంది. కొత్త పేరు ఆ వీధిలో ఎవరూ నోటితో అనరు.

వంతెన వచ్చింది. ఆయన తాడు మీద చెయ్యి వెయ్యకుండా, ముందు నోట్లో ఒకసారి అనుకుని, పిలిచాడు.

“పెద్దాయన కూడలి!”

అద్దకం వీధివాళ్ళు ఇద్దరు తల వంచుకుని దిగారు. పెద్దమ్మ కదల్లేదు. చెవి ఇటే ఒగ్గి కూర్చుంది. వెళ్ళి భుజం తట్టొచ్చు. తడితే, “అద్దకం వీధేనా?” అని అందరికీ వినపడేలా అడుగుతుంది. అవునని తను చెప్పాలి. బాడ్జీలవాళ్ళు ఆయన్నే చూస్తున్నారు.

తాడు లాగాడు.

తర్వాతి స్టాపులో ముగ్గురూ దిగిపోయారు. “గొంతు బాగుందన్నా,” అని ఒకడు వీపు తట్టాడు. బస్సు కదిలాక ఆయన పెద్దమ్మ దగ్గరికి వంగాడు.

“పెద్దమ్మా, మీ స్టాపు దాటిపోయింది.”

“దాటడమేంటి నాయనా? నువ్వింకా పిలవందే?”

“పిలిచాను. పెద్దాయన కూడలి.”

“అదెక్కడ? మా వీధి పక్కనా?”

ఆయన వెనక్కి చూశాడు. బాడ్జీలు లేని ముఖాలు. ఎవరు ఎవరి మనిషో ఎలా తెలుస్తుంది?

“పక్కనే,” అన్నాడు.

“ఏమన్నావు నాయనా?” అందామె. “వినపడలేదు.”